నేను వీధి దాటితే ఆగిపోయే బొమ్మ

మనం ఎదురుగా కూర్చున్నంతసేపూ చక్కగా పనిచేసి, వీధి మలుపు తిరగగానే చెడిపోయే వస్తువును మీలో ఎవరైనా చూశారో లేదో నాకు తెలియదు. నేను చూశాను. ధర్మవరంలో ఒక నేతవాళ్ళ ఇంట్లో, గోడకు కొట్టిన మేకుకు వేలాడుతూ కనిపించింది. నేను రిటైరవడానికి ఏడాదిన్నర ముందు సంగతి. ముప్పై ఏళ్ళకు పైగా ఫోన్ల పనిలో ఉండి, నాకు తెలియని జబ్బు ఏ యంత్రానికీ రాదని విర్రవీగుతూ తిరిగేవాణ్ణి. అటువంటి నన్ను ఆ వైఫై డబ్బా రెండు నెలలపాటు పిచ్చివాణ్ణి చేసింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. నవ్వొస్తే నవ్వుకోండి. నా భార్య ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

మా ఆఫీసు హిందూపురంలో, నా కాపురం పెనుకొండలో, పని ధర్మవరం దాకా. పొద్దున ముందు ఏ రైలు వస్తే ఆ వైపు ఊళ్ళోనే నాకు పని తగులుతుందని మా ఆఫీసరు వెక్కిరించేవాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. తీగ లేకుండా టవర్ నుంచి సిగ్నల్ పట్టుకొని ఇంట్లో వైఫై ఇచ్చే డబ్బాలను అప్పుడే ఇళ్ళకు పెడుతున్నాం. డబ్బా తగిలించడం, ఫోన్‌లో స్పీడు కొలిచి చూపించడం, సంతకం తీసుకొని బయటపడడం. ఇంతే పని. అంకె ఎంత పెద్దదైతే ఇంటివాళ్ళ ముఖం అంత వెలిగేది. నిజం చెప్పాలంటే నా ముఖం కూడా.

ఆ ఇంటావిడకు నలభై ఏళ్ళుంటాయి. భర్త మగ్గం నేస్తాడు, అత్తగారు దారం కండెలు చుడుతుంది, ఈవిడ చీరలు అమ్ముతుంది. అమ్మడం అనేదే ఆ ఇంట్లో కొత్త. అంతకుముందు వాళ్ళు నేసిన ప్రతి చీరా షావుకారు దగ్గరికే పోయేది. ఆయన ఏ ధర అంటే అదే ధర, ఎప్పుడు తీసుకుంటే అప్పుడే. ఈవిడ ఒకరోజు ధైర్యం చేసి బెంగళూరులో తెలిసినవాళ్ళకు ఫోన్‌లో వీడియో కాల్ చేసి, చీర విప్పి కొంగూ అంచూ చూపించి నేరుగా అమ్మింది. ఏడాది తిరిగేసరికి షావుకారు గడప తొక్కడం మానేసింది. మా డబ్బా పెట్టించుకున్నది అందుకే. దాన్ని నా చేతులతో నేనే పెట్టాను.

పెట్టిన రెండో వారం నుంచి ఫిర్యాదు మొదలైంది. వీడియో కాల్‌లో బొమ్మ ఆగిపోతోందట. పూర్తిగా ఆగిపోయినా బాగుండేది, ఎవరికైనా అర్థమవుతుంది. ఇది ఆగి, ఆలస్యంగా కదిలేది. ఈవిడ ఆకుపచ్చ చీర మడిచి పక్కన పెట్టి వంగపండు రంగుది విప్పేసరికి, అవతల ఫోన్‌లో ఇంకా ఆకుపచ్చదే కనిపిస్తూ ఉండేది. "ఇదే మాకు తీసి పెట్టండి" అని వాళ్ళు అన్న మాట ఈవిడ చెవిన పడేసరికి చేతిలో ఉన్నది వంగపండు రంగు. అదే కట్టి పంపింది. ఆకుపచ్చ అడిగితే ఇదేమిటని వాళ్ళు తిప్పి పంపారు. ఇట్లా రెండుసార్లు జరిగింది. రెండోసారి వాళ్ళ ఆడవాళ్ళ గ్రూపులో మోసం అనే మాట పడింది. పరువు మీద పడిన మచ్చ కదా, ఆ మాట నాకు చెప్పేటప్పుడు ఆవిడ వాకిలి వైపు చూసి గొంతు తగ్గించింది.

దానిమీద ఇంకొకటి. ఒక పెళ్ళివారు పదకొండు చీరలు వీడియోలోనే ఎంచుకుంటామని, రెండు నెలల తర్వాత వచ్చే ఒక శుక్రవారం పదకొండు గంటలకని రోజు పెట్టుకున్నారు.

"అది గిన బాగా జరిగితే పోయిన పేరు మళ్ళా వస్తాది సార్. అదీ ఇట్లే నిలబడిపోతే, నేను మళ్ళా పోయి షావుకారు వాకిట్లో నిలబడాల్సిందే" అంది.

సరే తల్లీ, నేనున్నాను కదా అన్నాను. ఎంత సులువుగా అన్నానో.

మా ఆఫీసు రూలు ప్రకారం వెళ్ళేముందు ఫోన్ చేసి చెప్పాలి. చెప్పి వెళ్ళాను. బొమ్మ ఎక్కువగా ఆగేది పొద్దున పదకొండుకు అటూఇటూ అని చెప్పింది కాబట్టి సరిగ్గా ఆ టైముకే వెళ్ళాను. ఇల్లంతా ఊడ్చి, నాకోసం కుర్చీ వేసి ఉంది. భర్త మగ్గం గుంతలోంచి లేచి వచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డాడు. అవ్వ రాట్నం పక్కన పెట్టేసింది. కాఫీ వచ్చింది. స్పీడు కొలిచాను, అంకె బ్రహ్మాండంగా ఉంది. బెంగళూరుకు వీడియో కాల్ చేయించాను. అద్దంలో చూసినట్టు ఉంది బొమ్మ. ఎంత నెమ్మదైన వీధమ్మా మీది అని కూడా అన్నట్టు గుర్తు. అన్నీ బాగున్నాయని రాసి సంతకం తీసుకొని వచ్చేశాను.

మర్నాడు మళ్ళీ ఫోన్. "మీరు ఉన్నెంతసేపూ బాగుండాది సార్. మీరట్ల పోతానే మళ్ళా అదే కథ."

రెండోసారి వెళ్ళి డబ్బాను దేవుడి పటాల పక్కనుంచి తీసి కిటికీ దగ్గర మేకు కొట్టి తగిలించాను. బాగా వచ్చింది. నేను రైలెక్కి పెనుకొండ చేరకముందే ఫోన్. మూడోసారి ఏం చేయాలో తోచక, నా పరువు కాపాడుకోవడానికి, తప్పంతా మీ ఫోన్‌దేనమ్మా, పాతబడిపోయింది అన్నాను. ఆవిడ నా మాట నమ్మి కొత్త ఫోన్ కొనుక్కుంది. బొమ్మ కొత్త ఫోన్‌లోనూ అట్లాగే ఆగిపోయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను సిగ్గుపడే పనుల్లో అది మొదటిది.

హిందూపురం ఆఫీసులో నాకు జోడీగా ఒక ఇంజనీరమ్మ ఉండేది. వాళ్ళ నాయనకు ఊళ్ళో టైలరింగ్ షాపు. ఈ అమ్మాయి ఆఫీసులో ఎంత నెమ్మదో, ఫోన్‌లో తుపాకులు కాల్చుకునే ఆటలో అంత రాక్షసి. తన అన్నదమ్ములందరినీ ఓడించేదట. హిందూపురంలో ఆటలాడే కుర్రకారు నుంచి వచ్చే ఫిర్యాదులన్నీ తనే చూసేది. పెద్దమనిషినైన నేను ఆటల ఫిర్యాదులు ముట్టుకునేవాణ్ణి కాదు. అవి ఒక ఫిర్యాదులేనా అనుకునేవాణ్ణి.

నా గోడు విని ఆ అమ్మాయి, స్పీడు చూడొద్దు సార్, మాట పోయి తిరిగొచ్చేదానికి ఎంతసేపు పడుతోందో చూడండి అంది. నేను వినిపించుకోనట్టు ఫైలు తిప్పాను. అయినా వదల్లేదు.

"ఆటలో అంతే సార్. నా స్క్రీన్ మీద నేను ఇంకా గోడ చాటున భద్రంగా ఉంటాను. అవతల వాని స్క్రీన్ మీద ఎప్పుడో చచ్చిపోయింటాను. స్పీడు అంకె ఎంత పెద్దగా ఉన్నా లాభం లేదు. ఆ చీరలమ్మది కూడా అదే కథ."

ఆ మాట నాకు గుచ్చుకుంది, కానీ ఒప్పుకోలేదు. నాలుగోసారి వెళ్ళినప్పుడు మాత్రం దొంగచాటుగా ఆ అమ్మాయి చెప్పిందే కొలిచాను. మాట పోయి రావడం కూడా కన్ను మూసి తెరిచేంతలో అయిపోతోంది. ఏ లోపమూ లేదు. తిరిగొచ్చి, నీ ఆటల వైద్యం కూడా పనిచేయలేదమ్మా అని ఎగతాళి చేశాను. ఆ అమ్మాయి ఎగతాళి పట్టించుకోకుండా, "మీరుంటే బాగుండాది, మీరు పోతే చెడిపోతాంది. ఆడ మారేది మీరొక్కరే కదా సార్" అంది. నన్ను ఆట పట్టిస్తోందనుకొని కోపం తెచ్చుకున్నాను. రెండు రోజులు మాట్లాడలేదు.

ఇంతలో ఆఫీసరు. ఆయనకు నెలాఖరుకు ఫిర్యాదులన్నీ మూతపడితే చాలు. "ఏమప్పా, ఆ ధర్మవరంది ఇంకా మూసేయలేదా? దుడ్లు కట్టే కస్టమర్లు ఇంకా చానామంది ఉండారు" అన్నాడు. మూసేయడానికి నాకూ చేతులు దురద పెట్టాయి. కానీ చివరిగా ఒకసారి టవర్ దగ్గర నమోదయ్యే లెక్క తెప్పించి చూశాను. చూసి ఇంకా అయోమయంలో పడ్డాను. ఆ ఇంటి డబ్బా నుంచి ప్రతిరోజూ పొద్దున పదిన్నర మొదలు పన్నెండు దాకా ఊపిరాడనంత డేటా పైకి, టవర్‌కు, పోతోంది. ఒక్క వీడియో కాల్‌కు అంత పోదు. నేను వెళ్ళిన నాలుగు రోజుల్లో మాత్రం, నేను అక్కడున్న ఆ అరగంటా, ఏమీ లేదు.

నా బుర్రకు తట్టింది ఒక్కటే. వీళ్ళు నాకు అబద్ధం చెబుతున్నారు. ఇంట్లో ఎవరో ఏదో దొంగచాటు యవ్వారం నడుపుతున్నారు, నేను రాగానే ఆపేస్తున్నారు. ఫోన్ చేసి అదే మాట ముఖాన అడిగేశాను. మీ ఇంట్లో ఎవరమ్మా పొద్దున పూట వీడియోలు ఎక్కించేది?

"మా ఇంట్లో ఉండేదే ముగ్గురం సార్. మా ఆయన మగ్గంలో ఉంటాడు. మా అత్తకు ఫోనే లేదు. నేను అబద్ధం చెప్పి ఏం బాగుపడతాను? మీరింక రావద్దులే సార్" అని పెట్టేసింది. ఆఫీసరు చెప్పినట్టే ఫిర్యాదు మూసేశాను. ఇంటికొచ్చి అన్నం సగంలో వదిలేశాను.

ఆ శుక్రవారం రానే వచ్చింది. నాకు ధర్మవరంలో ఒక టవర్ దగ్గర బ్యాటరీలు మార్చే పని ఉంది. పది గంటలకల్లా అయిపోయింది. తిరుగు రైలుకు టైముంది. కాళ్ళు స్టేషన్ వైపు పోనంటే పోనన్నాయి. ఆవిడ రావద్దంది కదా, లోపలికి పోను, వీధి చివర నిలబడి ఏమవుతుందో చూసి పోదామనుకున్నాను. ఈసారి ఫోన్ చేసి చెప్పలేదు. సంచీ, మెడలో కార్డు టవర్ దగ్గరే వదిలేసి, ఎప్పుడూ వచ్చే వైపు కాక వెనక సందులోంచి వెళ్ళాను.

మలుపు తిరిగేసరికి నేను దారి తప్పానేమో అనుకున్నాను. వీధి వీధంతా టకటకమంటోంది. ప్రతి ఇంట్లోనూ మగ్గం ఆడుతోంది. నెమ్మదైన వీధి అని నేను మెచ్చుకున్నది దీన్నేనా? అరుగుల మీద ఆడవాళ్ళు చీరలు పరిచి, ఫోన్లతో కొంగు నుంచి అంచు దాకా మెల్లగా వీడియోలు తీస్తున్నారు. ఒకావిడ తీసి, పంపి, గుండ్రం తిరుగుతోంది ఇంకా పోలేదే అని పక్కింటావిడతో అంటోంది. ఇంటి లోపలినుంచి మా చీరలావిడ గొంతు వినిపిస్తోంది. "కనపడతాందా అమ్మా? మళ్ళా నిలబడిందా? లేదమ్మా, నేను చూపించేది ఎర్రది, పసుపుది ఇందాక చూపించినాను." ఆ గొంతులోని భయం వీధి దాకా వస్తోంది.

అప్పుడే అరుగు మీది ఒకావిడ నన్ను గుర్తుపట్టింది. "ఏయ్, నెట్టు సార్ వచ్చినాడు" అని పక్కింటికి చెప్పింది. పక్కిల్లు ఆ పక్కింటికి చెప్పింది. చూస్తుండగానే ఒక్కొక్క మగ్గమే ఆగిపోయింది. పంపడం ఆపేసి, ఫోన్లన్నీ బొడ్లో దోపుకొని ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. డాక్టరు గుండె మీద గొట్టం పెట్టినప్పుడు ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టినట్టు, వీధంతా నాకోసం చప్పుడు చేయకుండా నిలబడింది. ఇన్నాళ్ళూ నాకు దొరికిన నెమ్మది ఇదే.

ఆ నిశ్శబ్దంలో లోపలినుంచి ఆవిడ గొంతు మళ్ళీ వినిపించింది. "ఇప్పుడు బాగుండాదా? నిజంగా బాగుండాదా అమ్మా?"

మారేది మీరొక్కరే అన్న ఆ అమ్మాయి మాట అప్పుడు తగిలింది నాకు, చెంప మీద కొట్టినట్టు. కారణం నేనే అని అర్థమైంది. కానీ నేను ఆపించింది దేన్ని, మగ్గాలనా, ఫోన్లనా, రెండింటినా? అది మాత్రం తెలియలేదు. తెలియనప్పుడు దేన్నీ కదిలించకూడదు. లోపలికి పోతే ఆవిడ కాల్ చెడుతుంది, వెనక్కి పోతే వీధి మళ్ళీ మొదలవుతుంది. వీధి మధ్యలో అట్లాగే నిలబడిపోయాను. నేను నిలబడితే వాళ్ళూ నిలబడ్డారు. కాసేపటికి అవ్వ బయటికొచ్చి కుర్చీ వేసి, "ఎండ నాయనా, కూచో" అంది గుసగుసగా. అరగంటకు పైగా ఆ కుర్చీలో కదలకుండా కూర్చున్నాను. మూడు దశాబ్దాలు టవర్లెక్కి చేసినదానికంటే ఉపయోగమైన పని ఆ రోజు కూర్చోవడమే అనిపించింది.

పదకొండు చీరలూ అయిపోయాయి. ఆవిడ బయటికొచ్చి నన్ను చూసి నిలబడిపోయింది. అన్నీ ఎంచుకున్నారట, ఒక్కదానికీ తేడా రాలేదట. చెబుతూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. రావద్దన్నానని మనసులో పెట్టుకోవద్దు సార్ అంది. నేను తల దించుకున్నాను.

తర్వాత, అందరిముందే, ఆవిడతో మళ్ళీ ఒక వీడియో కాల్ చేయించి, మగ్గాలు మాత్రం ఆడించమన్నాను. బొమ్మ బాగానే ఉంది. ఫోన్లు తీసి వీడియోలు పంపమన్నాను. బొమ్మ ఆగింది. విషయం తేలిపోయింది. ఆ వీధిలో అందరికీ ఈవిడ వైఫై పాస్‌వర్డ్ తెలుసు. బోరు నీళ్ళు పట్టుకోనిచ్చినట్టు వాడుకోనిచ్చింది. మిగతా ఇళ్ళవాళ్ళు ఇంకా షావుకారుకే నేస్తున్నారు. ఆయన పన్నెండు లోపల వచ్చిన వీడియోలు చూసి ఆ రోజు చీరలు తీసుకుంటాడు. అందుకని పదకొండుకు అటూఇటూ అందరూ ఒక్కసారే పంపుతారు. పెద్ద పెద్ద వీడియోలు పైకెక్కడానికి వరస కడితే, ఈవిడ కాల్‌లోని చిన్న చిన్న ముక్కలు వాటి వెనక నిలబడి, ఆలస్యంగా పోయేవి. నేను వస్తున్నానని ఫోన్ చేసినప్పుడల్లా, సార్ పరీక్ష చేస్తాడు అడ్డం రావద్దండి అని ఈవిడే వీధంతా చెప్పేది. మీ ఇంట్లో ఎవరని నేను అడిగాను, ముగ్గురమే అని చెప్పింది. అందులో అబద్ధమేముంది?

ఎదురింటావిడ మెల్లగా అడిగింది. "ఈ పొద్దు మా చీర షావుకారుకు పోలేదు సార్. రేపట్నుంచి మేము పంపేదానికి లేదా?"

నేను జవాబు చెప్పే లోపలే మా చీరలావిడ నా ముఖంలోకి సూటిగా చూస్తూ అడిగింది. "చెప్పండి సార్. ఇన్నాళ్ళూ నా చీర నిలబడిపోయింది వీళ్ళ వల్లనా?"

వీధి వీధంతా నా నోటివైపే చూస్తోంది. ఎదురింటావిడ తల దించేసింది. అవునంటే అది నిజం. అవునన్న మరుక్షణం ఈ వీధిలో ఏమవుతుందో కూడా నాకు కనిపించింది. "కాదమ్మా. తప్పు మా డబ్బాది" అన్నాను.

"అట్లయితే పాస్‌వర్డ్ మార్చే పని లేదు గదా సార్?" అంది.

లేదన్నాను. ఆవిడ ఎదురింటావిడ వైపు తిరిగి, ఇంకా టైముంది, షావుకారు కూచోనుంటాడు, పంపించుకోపో అంది. నాకు అప్పుడు తట్టింది, ఆవిడ ఆ ప్రశ్న అడిగింది తెలియక కాదేమో అని. ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

రైల్లో ఆ అమ్మాయికి ఫోన్ చేసి రెండు నెలల కథంతా చెప్పాను. అబద్ధం చెప్పి ఒక వీధిని కాపాడానని కొంచెం గొప్పగానే చెప్పాను. ఇక రోజూ పదకొండు గంటలకు ఎవరో ఒకరు ఆగాల్సిందే, దానికి ఏం చేద్దాం అని అడిగాను. ఆ అమ్మాయి అంతా విని, "సార్, ఆ డబ్బా పెట్టేటప్పుడు లోపల సెట్టింగ్‌లో కాల్స్‌కీ ఆటలకీ ముందు దారి ఇచ్చేది ఒకటి ఉంటాది. అది ఆన్ చేసినారా?" అంది.

అటువంటిది ఒకటి ఉందని కూడా నాకు తెలియదు. స్పీడు చూపించి సంతకం తీసుకునేవాడికి దాంతో ఏం పని? మర్నాడు పొద్దున పదకొండుకు వెళ్ళి దాన్ని ఆన్ చేశాను. వీధిలో మగ్గాలన్నీ ఆడుతున్నాయి, అరుగుల మీద ఫోన్లన్నీ పంపుతున్నాయి, లోపల ఆవిడ ఎవరికో బుటాల చీర చూపిస్తోంది. బొమ్మ ఆగలేదు. ఎదురింటి వీడియో కాస్త నిదానంగా పోయింది, కానీ పోయింది. ఎవరూ నాకోసం చప్పుడు ఆపలేదు, ఆపొద్దని వీధి మొదట్లోనే అందరికీ చెప్పాను.

మూసేసిన ఫిర్యాదు తెరిపించి, పరికరం పెట్టినవాడి పొరపాటు అని నేనే రాశాను. ఆఫీసరు చదివి, ఎవరప్పా పెట్టింది అని అడిగాడు. నేనే సార్ అన్నాను. ఆ ఇంటికి అన్నిసార్లు పోయి ఆవిడతో అన్ని మాటలు చెప్పాను. అందులో నిజమైన మాట ఒక్కటే, తప్పు మా డబ్బాది అన్నది. దాన్ని కూడా అబద్ధమనుకునే చెప్పాను.